రికార్డుల కొట్టు తాతయ్య చెప్పిన చట్టం

నా చిన్నప్పుడు బెజవాడలో మా ఇంటికి రెండిళ్ల అవతల పాత గ్రామఫోను రికార్డుల కొట్టు ఉండేది. కొట్టు తాతయ్య జనం దగ్గర రికార్డులు కొని మళ్లీ అమ్మేవాడు. నేను బడి ఎగ్గొట్టి ఆ అరుగు మీద కూర్చుని పాటలు వినేదాన్ని. అందుకే అక్షరాలు సరిగ్గా అబ్బలేదు. ఇప్పుడు కూడా నేను ఫోన్లో చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది.

ఒకరోజు మా పక్కింటి అత్తయ్య రికార్డుల పెట్టె మోసుకొచ్చింది. ఆవిడ భర్త పోయి నెల తిరగలేదు. సాయంత్రమైతే ఆయన పాట పెట్టడం, ఆవిడ బియ్యం ఏరుకుంటూ వినడం వీధిలో అందరం ఎరుగుదుం.

"అన్నీ తీసేసుకోండి బాబాయిగారూ. ఇంట్లో వీటి మొహం చూడలేకపోతున్నాను" అంది.

"కొంటానమ్మా. కాని కొత్త చట్టం వచ్చింది. పాత రికార్డు కొన్నవాడు నెల్లాళ్లు అమ్మకూడదు. ఈలోగా ఇచ్చినవాళ్లు అడిగితే తిరిగిచ్చెయ్యాలి."

"నేనెందుకడుగుతాను?"

"అడక్కు. చట్టం చెప్పాను, అంతే."

ఆవిడ వెళ్లాక వేరే ఆయన ఇచ్చిపోయిన రెండు రికార్డుల్ని తాతయ్య సాయంత్రానికే అమ్మేశాడు. "మరి చట్టమో?" అన్నాను. "నోరు ముయ్యవే గడుగ్గాయీ. అది ఆవిడొక్కదానికే" అన్నాడు.

ఇరవయ్యో రోజున అత్తయ్య వచ్చింది. లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడింది. తాతయ్య లోపలికెళ్లి పెట్టె తెచ్చి ముందు పెట్టాడు. ఆవిడ వెతికి ఒకటి తీసుకుని, కొంగు కప్పుకుని వెళ్లిపోయింది.

మా ఆయన పోయి ఏడు నెలలైంది. ఈ ఇంగ్లీషువాళ్ల దేశం వచ్చాక ఆయన, జనం దానమిచ్చిన పాత సామాను అమ్మే ఛారిటీ షాపులన్నీ తిరిగి కొన్న రికార్డులు ఫ్లాట్లో ఒక గోడంతా ఉండేవి. వాటిని వేసే పాటల పెట్టె వాడటం నాకు రాదు. గోడ చూస్తూ అన్నం తినడం నావల్ల కాలేదు. తనుండే స్విండన్ ఊరి నుంచి మా అమ్మాయి వచ్చినప్పుడు అన్నీ కారులో వేసుకుని పాత రికార్డుల షాపులో ఇచ్చేశాం. షాపావిడ నా పేరు, అడ్రస్ రాసుకుంది. ఇక్కడి రూల్ ప్రకారం రెండు వారాలు ఉంచి గాని అమ్మకూడదట, డబ్బు కూడా అప్పుడే ఇస్తానంది.

"అది దొంగసరుకు కోసం పెట్టిన రూల్ అమ్మా, నీకోసమేం కాదు" అంది మా అమ్మాయి.

మూడో రోజునే బస్సెక్కి వెళ్లాను. మా రికార్డుల వైపు చెయ్యి చూపించాను. నేను ఒక్కొక్కటే వేస్తుంటే షాపావిడ నా సంచి పట్టుకుని నిలబడింది. అప్పట్నుంచి రోజూ వెళ్లి, మొయ్యగలిగినన్ని తెచ్చుకుంటున్నాను.

ఈ ముక్క రాస్తూ మా అమ్మాయి, "నాకు చెప్పలేదేం? కారులో తెచ్చేదాన్నిగా" అంటోంది. కారులో అయితే ఒక్కసారికే అయిపోతుంది తల్లీ.

పోయినవాళ్ల వస్తువు ఇచ్చేశాక వెనక్కి అడగడం సిగ్గుపడే పని కాదని ఆ కొట్టు గుమ్మం దగ్గర నేర్చుకున్నాను. ఇంకా నాలుగు రోజుల గడువుంది. అన్నీ తెచ్చుకుంటానో లేదో తెలీదు. వెళ్లి అడగడం మాత్రం వచ్చు.