కొండమ్మ చింపిన చీర

మా వీధిలో ఎవరికైనా నొప్పులు మొదలయ్యాయంటే ఒకరు మంత్రసాని కోసం పరిగెత్తేవాళ్ళు, ఇంకొకరు కొండమ్మ చీర కోసం పరిగెత్తేవాళ్ళు. మంత్రసాని రాకపోయినా బిడ్డ పుడుతుంది కదా. చీర రాకపోతే పుట్టిన బిడ్డకు ఏం చుట్టాలి?

ఆనాటి పెనుకొండలో పసిబిడ్డకు ముందుగా బట్టలు కొనడమంటే ఎవరికైనా ఒళ్ళు జలదరించేది. మొదటి గుడ్డ పాతదై ఉండాలి. అదీ కడుపున పుట్టిన వాళ్ళలో ఒక్కరినీ పోగొట్టుకోని తల్లి కట్టి, ఉతికి, మెత్తబడిన నూలు చీర అయి ఉండాలి. ఆ తల్లి చేత్తోనే చించాలి. కొండమ్మ కన్నది ఐదుగురిని. ఐదుగురూ బతికి ఉన్నారు. మొగుడు మాత్రం తొందరగా పోయాడు గానీ, ఆ లెక్క ఈ లెక్కలోకి రాదు.

నన్ను కూడా ఆమె నీలం గళ్ళ చీరలోనే చుట్టారట. నేను ఇంత అందగాణ్ణి కావడానికి అదే కారణమని వీధంతా చెప్పుకుంటుంది. అంటే, నేను చెబుతాను, వీధంతా వింటుంది. పదో తరగతి ఎందుకు గట్టెక్కలేదో కూడా ఆ చీరనే అడగాలి. ఒకసారి గాండ్లపెంట నుంచి ఒకాయన బండి కట్టుకొని వచ్చి చీర ముక్క పట్టుకుపోయాడు. దారిలో ఎద్దు దాన్ని ఒకసారి నాకిందట. ఆ ఎద్దు ఇరవై ఏళ్ళు బతికింది. ఇది చెబితే ఎవరూ నమ్మరు. ముప్పై అని చెప్పి ఉండాల్సింది.

కొండమ్మకు శనక్కాయలు ఒలిచే కూలి. గోళ్ళు ఎప్పుడూ ఎర్రమట్టి రంగులో ఉండేవి. ఎవరైనా చీర అడగడానికి వస్తే మాత్రం ముందు ఆ చేతుల్ని కుంకుడు నురగతో తోముకునేది. చీరను ఉడుకునీళ్ళలో ముంచి, నీడలో ఆరేసి, కత్తితో కాదు, కత్తెరతో కాదు, పళ్ళతో అంచు కొరికి చర్రున చించేది. చిన్న జుబ్బా కుట్టేది. కుట్లు బయటి వైపుకు ఉండేవి, లోపల ఉంటే బిడ్డ ఒంటికి ఒరుసుకుంటాయని. గుండీలు ఉండవు, పిన్నీసు అసలే ఉండదు, గుడ్డ పీలికతో ముడి. పడుకోబెట్టేటప్పుడు చుట్టడానికి రెండు మడతల ముక్క వేరే. ఇన్ని చేసి ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేది కాదు. ఒక తమలపాకు, ఒక వక్క, అంతే.

తొంభై ఎనిమిదిలో, శనక్కాయలు పీకే కాలంలో, మా వీధి గంగులమ్మ కోడలు నీలావతికి నెలలు నిండాయి. మూడో కాన్పు. గంగులమ్మ కొడుకు ఉలిగప్ప ధర్మవరంలో మగ్గం నేస్తాడు. మొదటి బిడ్డ పుట్టకముందే ముచ్చటపడి జరీ అంచు పట్టుముక్క తెచ్చి పెట్టాడు. ఆ బిడ్డ పురిటిమంచం దిగకుండానే జ్వరంతో పోయింది. రెండోసారి హిందూపురం బజారులో కుందేలు బొమ్మ ఉన్న గులాబీ రంగు జుబ్బా, టోపీ, కాలిజోళ్ళు కొన్నాడు. ఆ బిడ్డ ఏడవనే లేదు. కుందేలు జుబ్బాను బిడ్డతోపాటే పూడ్చేశారు. ఈసారి గంగులమ్మ కొడుకును ధర్మవరంలోనే ఉండమని చెప్పింది. ఇంట్లోకి కొత్త చేతిరుమాలు కూడా రానివ్వలేదు.

ఆ రోజు పొద్దున్నే ఆమె కొండమ్మ గడపలో నిలబడింది.

"కొండమ్మక్కా, కోడలికి నొప్పులు పట్టినాయి. ఈ తూరి నీ చేతిలో ఉండాది."

"నా చేతిలో ఏముండాదే? చీర ఉండాది, ఇస్తా. పోయి నీళ్ళు కాగబెట్టు పో."

నా ఎస్టీడీ బూత్ కొండమ్మ ఇంటికి ఎదురుగానే ఉంది. పెనుకొండ మంచిచెడ్డలన్నీ నా చెవిలో దూరిన తర్వాతే ఊళ్ళోకి పోయేవి. గంగులమ్మ వెళ్ళిన కాసేపటికి ఫోన్ మోగింది. హిందూపురం నుంచి లారీ ఓనరు దగ్గర పనిచేసే గుమాస్తా. కొండమ్మ చిన్న కొడుకు చంద్ర వాళ్ళ లారీలోనే క్లీనరు. చింతపండు లోడుతో బెంగళూరు పోతూ, తెల్లవారుజామున చిక్కబళ్ళాపురం దాటాక లారీ బోల్తా పడిందన్నాడు. ఇద్దరిలో ఒకడు అక్కడికక్కడే పోయాడు, ఒకడు ఆసుపత్రిలో ఉన్నాడు, ఎవరు ఎవరో తెలియదన్నాడు. మళ్ళీ ఫోన్ చేస్తాను, వాళ్ళమ్మను దగ్గర పెట్టుకోమన్నాడు.

నేను రోడ్డు దాటి వెళ్ళాను. కొండమ్మ తడి చీర పిండుతోంది. విన్నది విన్నట్టు చెప్పాను. ఆమె చేతులు ఆగిపోయాయి. చీర కొసనుంచి నీళ్ళు ఆమె కాళ్ళమీద కారుతున్నాయి.

"మహేశా, ఇది నీ కతల్లో ఒకటా?"

"కాదవ్వా. రా, ఫోన్ దగ్గర కూచుందువు."

ఆమె చీరను మళ్ళీ పిండింది. దండెం మీద వేసి, ముడతలు లేకుండా లాగింది.

"రాను. ఎవురు పోయినారో నాకు తెలిసేదాకా నేను ఐదుగురి తల్లినే. తెలిసినంక ఈ చీర ముట్టుకోను. అప్పుడు ఆ నీలావతి బిడ్డకు ఏం చుట్టాల? నువ్వు పో. నీకేం తెలిసినా నా దగ్గర నోరు తెరవద్దు, నేను అడిగేదాకా."

బూత్‌కి వచ్చి కూర్చున్నాను. ఎదురుగా దండెం మీద చీర ఊగుతోంది. గాలి లేదు, అయినా ఊగుతోంది. మీరు నమ్మకపోతే మానేయండి.

ఎండ నడినెత్తికి వచ్చాక ఫోన్ మోగింది. పోయింది చంద్రే. ఆసుపత్రిలో ఉన్నది డ్రైవరు. శవాన్ని సాయంత్రానికి తెస్తామన్నారు.

మళ్ళీ రోడ్డు దాటాను. కొండమ్మ గడపలో కూర్చొని చీర అంచు పళ్ళ మధ్య పెట్టుకుంది. నా ముఖం వైపు చూడలేదు. ఫోన్ మోగిన సంగతి వీధంతా విన్నది, ఆమె వినకుండా ఉంటుందా?

"బిడ్డ పుట్టినాదా?"

"ఇంకా లేదంటవ్వా."

"అయితే కూచో. ఏదన్నా ఒక కత చెప్పు."

నోరు మూసుకొని కూర్చోవడం నా వల్ల కాదని ఆమెకు తెలుసు. నేను గాండ్లపెంట ఎద్దు కథ మొదలుపెట్టాను. చీర చర్రుమంది. ఎద్దు నాకింది. చీర మళ్ళీ చర్రుమంది.

"ఎన్నేండ్లు బతికిందప్పా ఆ ఎద్దు?" అంది సూదిలో దారం ఎక్కిస్తూ. దారం ఎక్కడం లేదు. తడిచేసి మళ్ళీ ప్రయత్నించింది.

"ముప్పై ఏండ్లవ్వా."

"పోయినసారి ఇరవై అన్నావే!"

ఆమె నవ్వింది. అలాంటి నవ్వు నేను ఇంకెక్కడా చూడలేదు, చూడకూడదు కూడా. కుట్లన్నీ బయటికి వచ్చేలా జుబ్బా కుట్టింది. పీలికలు ముడివేసింది. అప్పుడు గంగులమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది.

"ఆడబిడ్డక్కా! ఏడుస్తా ఉండాది! గట్టిగా ఏడుస్తా ఉండాది!"

కొండమ్మ జుబ్బా, చుట్టే ముక్క మడతపెట్టి ఆమె చేతిలో పెట్టింది. గంగులమ్మ వెళ్ళిపోయి, వాళ్ళ తలుపు మూసుకున్న చప్పుడు వినిపించేదాకా ఆగింది.

"ఇప్పుడు చెప్పు."

చెప్పాను. అక్కడికక్కడే పోయాడనీ, తెల్లవారుజామునే అనీ చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. ఆమె లేచి, తలమీద కొంగు వేసుకొని, తిన్నగా గంగులమ్మ ఇంటికి నడిచింది. నేను వెనకాలే పోయాను. చావు మైల అంటిందని ఆమె గడప తొక్కలేదు, వీధిలోనే నిలబడి పిలిచింది.

"గంగులూ, ఆ గుడ్డ తీసెయ్యి. నా చంద్ర పోయినాడు. నేను చించేటప్పటికే పోయినాడు. తీసెయ్యవే, నీ కాళ్ళు మొక్కుతా."

గంగులమ్మ ముఖంలో నెత్తురు లేదు. లోపలికి పరిగెత్తింది. నీలావతి అరుపు వినిపించింది. "తీస్తే ఇంకేం చుట్టాల అత్తా? ఈడ ఇంకేముండాది?"

నిజమే. ఆ ఇంట్లో బిడ్డకు పనికొచ్చే గుడ్డ ఇంకేదీ లేదు, కొత్తది రానివ్వలేదు, పాతవి బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లివి. అప్పుడు గంగులమ్మ తలుపులోంచి నన్ను నిలదీసింది. "ఏమబ్బా, ఫోన్ ఎత్తింది నువ్వే గదా. ఎప్పుడు పోయినాడు వాడు? సరిగ్గా చెప్పు."

నేను ఎన్నో చెప్పాను నా జీవితంలో. పెనుకొండ కోటలో పులితో బీడీ పంచుకున్నానన్నాను, ఒక్కరూ నమ్మలేదు. ఆ రోజు చెప్పాను: "ఇప్పుడే పెద్దమ్మా. ఆసుపత్రిలో. రొంతసేపు మాట్లాడినాడంట, టీ అడిగి తాగినాడంట. బిడ్డ పుట్టినంకనే పోయినాడు. మళ్ళీ ఫోన్ చేసి చెప్పినారు."

గంగులమ్మ గోడకు జారబడి ఊపిరి వదిలింది. గుడ్డ బిడ్డమీదే ఉండిపోయింది. నమ్మింది! ఊళ్ళో ప్రతి ఒక్కరూ నమ్మారు. కొండమ్మ మాత్రం నా వైపు చూసి, ఇంటికి పోయి, అప్పుడు ఏడ్చింది. సాయంత్రం శవం వచ్చేదాకా, వచ్చిన తర్వాత కూడా.

ఆ బిడ్డకు అరుణ అని పేరు పెట్టారు. కొండమ్మ పేరంటానికి పోలేదు. చీర అడగడానికి ఇంక ఎవరూ రాలేదు. వచ్చినా ఇచ్చేది కాదు. కానీ కూలికి పోతూ, వస్తూ, ఆ ఇంటి ముందు వీధికి అవతలి పక్కనే నిలబడి అడిగేది: "పిల్ల పాలు తాగిందా?" తాగిందని చెప్పేదాకా కదిలేది కాదు. అరుణకు తుమ్ము వస్తే నా బూత్ దాకా వచ్చి, "డాక్టరుకు ఫోన్ చేస్తావా?" అనేది. నిజం తెలిసింది మా ఇద్దరికే కాబట్టి, ఆ పిల్ల దగ్గితే నా గుండె కూడా ఆగేది.

అరుణకు నడక వచ్చింది. ఒక రోజు మధ్యాహ్నం తప్పటడుగులు వేసుకుంటూ వీధి దాటి వచ్చి, మూట నెత్తిన పెట్టుకొని నిలబడ్డ కొండమ్మ కొంగును రెండు చేతులా పట్టుకుంది. కొండమ్మ బిగుసుకుపోయింది. వదిలించుకోలేదు, ఎత్తుకోలేదు.

"తియ్యండే దీన్ని. నన్ను ముట్టుకోనియ్యొద్దండే."

నీలావతి గడపలో నిలబడి నవ్వుతోంది. "పట్టుకోనీలే అవ్వా. నీ చీరంటే దాని చీరే గదా."

అప్పుడే నా బూత్‌లో ఫోన్ మోగింది. కొండమ్మ నా వైపు చూసింది. నేను లోపలికి పోయి, ఎత్తి, పెట్టేసి బయటికి వచ్చాను. కొంగు పిల్ల చేతుల్లోనే ఉంది. కొండమ్మ ఇంకా ఊపిరి తీసుకోలేదు.

"ఎవురప్పా?"

"రాంగ్ నంబరవ్వా."

నిజంగానే రాంగ్ నంబర్. ఈ ఒక్కటైనా నమ్మండి. ఆమె మాత్రం నమ్మలేదు. సాయంత్రందాకా పిల్లను తన నీడలోంచి పోనివ్వలేదు.