ఆయన చదివించారట

పెళ్లయిన కొత్తలో మా ఆయనా నేనూ చేవెళ్ల పక్క ఊళ్లో ఒకే మిషన్ బడిలో పాఠాలు చెప్పేవాళ్లం. ఇద్దరిదీ మిడిల్ చదువే. సాయంత్రం బడి వదిలాక ఒకే బల్ల ముందు కూర్చుని మెట్రిక్‌కు తయారయ్యేవాళ్లం. ఆయనకు లెక్కలు నేను చెప్పేదాన్ని, నాకు ఇంగ్లీషు ఆయన చెప్పేవారు. ఆ రోజులు బాగుండేవి. అబద్ధం ఎందుకు చెప్పాలి.

పరీక్ష దగ్గరపడేసరికి మాకు ఒక ఆడపిల్ల ఉంది, నేను మళ్లీ నిండు నెలలతో ఉన్నాను. "ఈ యేడు నేను రాస్త. వచ్చేయేడు నువ్వు రాద్దువు," అన్నారాయన. న్యాయంగానే తోచింది. ఆయన పరీక్ష రాయడానికి పట్నం వెళ్లిన రోజుల్లో ఆయన తరగతిని కూడా నేనే చూసుకున్నాను. ఆయన ప్యాసయ్యారు. బళ్లు తెరిచేసరికి ఆయన్ని హెడ్మాస్టర్ని చేశారు.

నేను రెండో తరగతి పంతులమ్మగానే ఉండిపోయాను. తెల్లారకముందే వంట, పిల్లలు, ఆ తర్వాత బడి. మధ్యాహ్నం మా అత్తమ్మ చంటివాణ్ని బడి వెనక గోడ దగ్గరికి తెస్తే అక్కడే కూర్చుని పాలిచ్చేదాన్ని. హెడ్మాస్టరుగారు వరండాలో నిలబడి దగ్గేవారు. ఆలస్యమవుతోందని ఆ దగ్గుకు అర్థం.

మళ్లీ పరీక్షల కాలం వచ్చింది. ఆయన గదిలోకి వెళ్లి శెలవు అడిగాను.

"గిప్పుడు శెలవంటే ఎట్ల? నీ తరగతి ఎవరు చూస్తరు?" అన్నారు.

"పోయినేడు మీ తరగతి నేను చూసిన."

"అప్పటి ముచ్చట వేరు."

"ఏం వేరు?"

ఆయన తలెత్తలేదు. "నువ్వు పసిపిల్లగాని తల్లివి. వచ్చేయేడు చూద్దాం తీ."

పోయినేడు ఆయన కూడా ఒక బిడ్డకు తండ్రే. ఆ సంగతి బడిలో గానీ ఇంట్లో గానీ ఒక్కరికీ గుర్తు రాలేదు. నాకు కూడా రాలేదు. అదే నన్ను ఎక్కువ మండించింది.

ఆ సాయంత్రం నేను ఏడవలేదు. జొన్నరొట్టెలు కొడుతున్న చప్పుడుకు అత్తమ్మ లేచి వచ్చింది. "ఏమైంది పిల్లా, రొట్టెను సంపుతున్నవ్?" అని అడిగింది. జరిగింది చెప్పాను. కొడుకునే వెనకేసుకొస్తుందనుకున్నాను. ఆమె మాత్రం, "చార్మినార్ సూపిస్తవా?" అంది.

"పరీక్షలైనంక సూపిస్త."

"అయితే పిల్లగాన్ని నేను పట్టుకుంట."

బయలుదేరే రోజు ఆయన గుమ్మంలో నిలబడ్డారు. "అవ్వా, నువ్వు గూడనా?" అన్నారు.

"నేను పట్నం సూడలే. నువ్వెన్నడన్న తోల్కపోయినవా?" అంది అత్తమ్మ.

పెద్దదాన్ని ఆయన దగ్గరే వదిలాను. "దీన్ని బడికెట్ల తోల్కపోవాలె?" అన్నారు. "నేను తోల్కపోయినట్లే," అన్నాను.

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుపొయ్యితో నడిచేవి. మొయినాబాదు దాటాక ఎత్తు ఎక్కలేక మా బస్సు ఆగిపోయింది. అందరం దిగి నడిచాం. అత్తమ్మ దారంతా ఆ బస్సునూ, నన్నూ, కొడుకునూ వరసగా తిట్టింది. తిడుతూనే పిల్లవాడికి ఎండ తగలకుండా కొంగు కప్పింది.

లెక్కల పరీక్ష నాడు బయట వరండాలో వాడు ఏడుపు మొదలుపెట్టాడు. ఆ ఏడుపు వినగానే నాకు పాలు చేపుకొచ్చి రవిక తడిసిపోయింది. కొంగు నిండా కప్పుకుని రాస్తూనే ఉన్నాను. కాపలా ఉన్న టీచరమ్మ నా దగ్గర ఆగింది. మెల్లగా, ఎంతో దయగా అడిగింది: "పాలు తాగే బిడ్డ తల్లివి. ఇంటిపట్టున ఉండక ఎందుకమ్మా నీకీ అవస్థ?"

కసిరినా అంత కోపం వచ్చేది కాదు. ఇదే పట్నంలో, ఇదే పరీక్ష రాసిన మా ఆయన్ని ఎవరూ ఆ మాట అడగలేదు. లెక్క పూర్తి చేశాను.

అత్తమ్మకు చార్మినార్ చూపించి తిరిగొచ్చాక, బడిలో హాజరు పట్టీ తెరిస్తే నా పేరు ఎదురుగా ఎర్ర సిరాతో గైర్‌హాజరు అని వేసి ఉంది. ఆయన దస్తూరీయే. అడిగితే, "రూలు అందరికి ఒక్కటే," అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖంలో కాస్తయినా సిగ్గు కనబడుతుందేమోనని చూశాను. కనబడలేదు.

నేను ప్యాసయ్యాను. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక మా చర్చి ముందు చిన్న చాయ్ విందు పెట్టారు. పాస్టరుగారు లేచి, భార్యను ఇంతగా చదివించిన భర్త మన చుట్టుపక్కల ఎక్కడా లేడని చెప్పి, మా ఆయన మెడలో బంతిపూల దండ వేశారు. ఆయన తల వంచి వేయించుకున్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

చంకలో పిల్లవాడితోనే లేచి నిలబడ్డాను.

"అయ్యగారూ, ఒక్క మాట. నన్ను ఈయన చదివియ్యలే. శెలవడిగితే ఇయ్యలే. పరీక్షకు పోయినందుకు గైర్‌హాజరు ఏసిండ్రు. పిల్లగాన్ని పట్టుకున్నది మా అత్తమ్మ."

చప్పట్లు ఆగిపోయాయి. "కోపంల మాట్లాడకు తల్లీ, కూసో," అన్నారు పాస్టరుగారు. నేను కూర్చోలేదు, ఇంటికి నడిచాను. వెనకే వచ్చిన ఆయన, "నలుగుట్ల నా ఇజ్జత్ తీసినవు," అన్నారు.

"నేను చెప్పిన దాంట్ల ఏది అబద్ధమో చెప్పుండ్రి."

ఆ తర్వాత ఆయన చాలా రోజులు నాతో మాట్లాడలేదు.

ఆ యేడే మొయినాబాదులో ఆడపిల్లల బడికి మెట్రిక్ చదివిన పెద్ద పంతులమ్మ కావాలన్నారు. ఆ కొలువులో చేరి, అక్కడే ఒక గది కిరాయికి తీసుకుని పిల్లలిద్దరితో వెళ్లిపోయాను. విడిపోలేదు, ఆ మాట నా నోట ఎన్నడూ రాలేదు. కానీ నా చదువు ఒకరి దయ అంటే నేను ఈనాటికీ ఒప్పుకోను. మా అమ్మాయి, "ఇన్నేండ్లయింది, ఇంక పోనియ్యమ్మా," అంటుంది. ఎందుకు పోనివ్వాలి?

నేను మొయినాబాదు వచ్చిన మొదటి శనివారం సాయంత్రం ఆయన సైకిలు మీద వచ్చారు. చెమట తుడుచుకుని మంచం మీద కూర్చుని, "అన్నం పెట్టు," అన్నారు. పిల్లవాణ్ని ఆయన ఒళ్లో దించాను.

"వీడు గూడ తినలే. కుండల అన్నమున్నది, ఇద్దరు తినుండ్రి. నాకు ఇంటర్ చదువుకునేది ఉన్నది," అని పుస్తకం పట్టుకుని బయట అరుగు మీద కూర్చున్నాను.

లోపల కంచం ఎక్కడుందో ఆయన వెతుక్కుంటున్న చప్పుడు చాలాసేపు వినిపించింది. నేను లేవలేదు.