బెల్లు మోగితే పంపు ఆగేది

ఈ ఉదయం బెంగళూరు యలహంకలో మా ఇంటి వరండాలో కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని, మా చెల్లెలి కూతురు చూసిపెట్టమని పంపిన ప్యాచ్, అంటే కోడ్‌కు చేసిన సవరణ, చదువుతూ కూర్చున్నాను. సర్జాపుర వైపు ఏదో కంపెనీలో పనిచేసే ఆ పిల్ల, లినక్స్ కెర్నెల్‌లో నేనెప్పుడో చేయిపెట్టిన ఒక డ్రైవర్‌ను, అంటే చిప్పును నడిపే కోడ్‌ను, శుభ్రం చేస్తానని బయలుదేరి, అనవసరమని తోచిన నాలుగు వరుసలు తీసేసింది. అవి తీస్తే కొంప మునుగుతుందని జవాబు రాశాను. అయిదు నిమిషాలకే ఫోను. "ఓకే పెద్దమ్మా, తీయను. కానీ ఆ వరుసలు చేర్చిన పాత కమిట్ నోట్ కింద తప్పు రిపోర్ట్ చేసినావిడ పేరు పక్కన ఈమెయిల్ ఐడీ లేదేంటి? రూల్ ప్రకారం ఉండాలి కదా?" అంది. దానికి సాయంత్రం చెబుతానన్నాను గానీ, నా ఈడు వాళ్లతో ఇప్పుడే చెప్పుకోవాలనిపిస్తోంది.

అప్పట్లో నేను జిగణిలో ఒక చిన్న కంపెనీలో కొత్తగా చేరిన ఇంజనీరును. పాల కేంద్రాల్లో పాలు చల్లబరిచే ట్యాంకులకు మేం కంట్రోల్ బోర్డులు చేసేవాళ్లం. బోర్డు మీది చిప్పుకు ఉండే కాళ్లలో ఒకటి పంపును నడిపేది, దాని పక్కది హెచ్చరిక బెల్లు మోగించేది. ఆ బోర్డులకు చేత్తో టంకం వేసే ఆడవాళ్లందరికీ పెద్ద, ముళబాగిలు నుంచి వచ్చిన ఒక అక్క. నాకంటే పదేళ్లు పెద్దది, నన్ను పాపా అని పిలిచేది, తన టిఫిను డబ్బాలోని రాగిముద్దలో సగం నాకు పెట్టి, వద్దంటే కోప్పడేది.

ఉన్నట్టుండి పంపు ఆగిపోయి పాలు విరుగుతున్నాయని బోర్డులు తిరిగి రావడం మొదలైంది. మా మేనేజరు క్షణం ఆలోచించకుండా టంకం సరిగా పట్టలేదని తేల్చేసి, ఇంకో విడత వెనక్కి వస్తే అక్క ఇంటికి పోవచ్చునని అందరి ముందూ అనేశాడు. ఒంటి చేత్తో ఇద్దరు పిల్లల్ని చదివిస్తున్న మనిషి ఆవిడ. నాకు ఒళ్లు మండింది, అయినా కొత్తదాన్ని కదా, నోరు మూసుకుని నిలబడ్డాను. అందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. అక్క మాత్రం ఏడవలేదు, ఎవరినీ బతిమాలలేదు. మూడు రోజులు మధ్యాహ్నం భోజనం మానేసి వెనక్కి వచ్చిన బోర్డుల ముందు కూర్చుని, నాలుగో రోజు నన్ను పిలిచింది. "నా టంకం తప్పయితే పంపు ఎప్పుడంటే అప్పుడు ఆగాల కదా పాపా. బెల్లు మోగినప్పుడే ఆగతా ఉండాది, చూడు."

ఇంత చదువుకున్న నాకు తట్టని ముక్క అది. చిప్పు కాళ్లన్నీ మెమరీలో ఒకే గడిలో పక్కపక్క అంకెలుగా కనిపిస్తాయి. బెల్లు మోగించాలంటే బోర్డు మీద నడిచే లినక్స్‌లోని డ్రైవర్ ఆ గడి మొత్తం చదివి, ఒక్క అంకె మార్చి, మళ్లీ మొత్తం రాస్తుంది. చిక్కల్లా ఏమిటంటే, చదివినప్పుడు వచ్చేది మనం రాసింది కాదు, ఆ క్షణాన కాలి మీదున్న వోల్టేజీ. పంపు కాలి వోల్టేజీని దానికి తగిలించిన ట్రాన్సిస్టర్ కిందికి లాగేయడంతో, నడుస్తున్న పంపు కూడా ఆగినట్టే కనిపించేది. డ్రైవర్ దాన్నే నమ్మి తిరిగి రాసి, నిజంగానే ఆపేసేది. గిన్నెలో మిగిలిన పాలు చూసి పోసింది ఇంతే అనుకున్నట్టన్నమాట. చివరిసారి రాసిన దాని నకలు దాచుకుని, దాన్నే మార్చి రాసేలా నేను నాలుగు వరుసలు చేర్చాను. గంటసేపు బెల్లు మోగించాం. షెడ్డంతా చెవులు మూసుకుంది గానీ పంపు ఆగలేదు.

మేనేజరు ఒప్పుకుంటేనా! ప్రపంచమంతా వాడే కోడ్‌లో తప్పు మీ ఇద్దరికే కనబడిందా అని నవ్వి, ఆ రాసినవాళ్లు ఒప్పుకుంటే అప్పుడు చూద్దామన్నాడు. సరేనని, తప్పు పట్టింది అక్కేనని కింద ఆవిడ పేరు రాసి, లినక్స్ వాళ్లకు ప్యాచ్ పంపాను. ఎక్కడో దూరదేశంలో ఉన్న సమీక్షకుడు, ఒక ప్యాచ్‌లో రెండు పనులెందుకు, విడగొట్టమన్నాడు. విడగొట్టాను. ఒకేసారి ఇద్దరు రాస్తే నకలు చెడుతుంది, ఒకరు రాస్తుండగా ఇంకొకరు ఆగేలా కోడ్‌లో తాళం వేయమన్నాడు. వేశాను. ఈ ఉత్తరప్రత్యుత్తరాలకు పట్టిన మూడు వారాలూ అక్క ముఖం చూడాలంటే నాకు భయంగా ఉండేది. మూడోసారి, తప్పు కనిపెట్టిన మనిషికి ఈమెయిలు ఏదని అడిగాడు. ఆవిడ ఈ బోర్డుకు టంకం వేసిన మనిషి, ఆవిడకు ఈమెయిలు లేదు, కానీ ఆవిడే లేకపోతే ఈ ప్యాచ్ లేదు, పేరు మాత్రం తీయనని రాసేశాను. మర్నాడు జవాబు వచ్చింది, పేరు అలాగే ఉంచాను, ప్యాచ్ తీసుకున్నాను అని.

ఆ జవాబూ, అక్క పేరున్న ప్యాచూ అచ్చు తీసి మేనేజరు బల్ల మీద పెట్టాను. ఆయన రెండుసార్లు చదివి, లేచి, షెడ్డులోకి వెళ్లి, అందరి ముందూ అక్కకు తప్పయిందని చెప్పాడు. ఆ తర్వాత బోర్డుల పరీక్షంతా అక్క చేతికే వచ్చింది. నేను గెలిచిన రోజులు లెక్కపెడితే అదే మొదటిది, ఇప్పటికీ అదే పెద్దది.

ఇప్పుడు తప్పు పట్టినవారి పేరుండే ఆ వరుసలో చాలాసార్లు ఏదో ఒక తనిఖీ యంత్రం పేరే ఉంటుంది. అవి నిద్రాహారాలు లేకుండా వెతుకుతాయి, మనుషులకు అందని తప్పులెన్నో పడతాయి, కాదనను. కానీ ఆ రోజు అక్క ఆ అచ్చు కాగితం పట్టుకుని, ఇంగ్లీషు చదవలేక నా పేరేది పాపా అని అడిగి, నేను చూపించిన అక్షరాల మీద కొంగుతో తుడుచుకున్న వేలు పెట్టి, ఎంతసేపటికీ తీయలేదు.