చివరి విజిల్ వినకుండానే ఫోటో దిగారు

నిన్న ఆరాధన ముగిసి చర్చి మెట్లు దిగుతుంటే ఫోన్ మోగింది.

"బ్రదర్, నర్సింగన్న పోయిండు."

ఎక్కడికి అని అడిగాను. నిజంగా అలాగే అడిగాను. ఆదివారం పొద్దున నర్సింగన్న ఎక్కడికి పోతాడు? పరుగుకే కదా!

అవతల ఏడుపు వినబడింది. అప్పుడు అర్థమైంది.

నిన్నంతా ప్రార్థనలో ఉన్నాను. దుఃఖం కొంచెం దారికొచ్చింది. కోపం మాత్రం దారికి రాలేదు. అందుకే రాస్తున్నాను. పరిశుద్ధులు కూడా కోపపడ్డారు, లేఖనాలు తెరిచి చూసుకోండి.

తెలియనివాళ్ల కోసం. నర్సింగన్నకు మెట్టుగూడలో టైలర్ షాపు. మా రన్నింగ్ గ్రూపులో ఆయన స్వీపర్. అంటే అందరికంటే వెనక పరుగెత్తే మనిషి. ఎవరికి కాలు పట్టేసినా, ఎవరికి ఊపిరి అందకపోయినా పక్కనే ఉండేవాడు. చివరగా వచ్చి విజిల్ ఊదేవాడు. రోడ్డు మీద మనవాళ్లు ఎవరూ మిగల్లేదని దాని అర్థం.

ఆ విజిల్ తర్వాతే చాయ్. ఆ తర్వాతే గ్రూప్ ఫోటో. అది మన పద్ధతి.

చేతకాక వెనకున్నాడనుకోకండి. హాఫ్ మారథాన్‌లో మనలో చాలామందిని దాటి వెళ్లగలడు. వెనకుండడం ఆయన కోరుకున్న చోటు.

నేను ఆదివారాలు రాను, ఆరాధన ఉంటుంది. నా కోసం శనివారాలు వచ్చేవాడు. నా మొదటి హాఫ్ మారథాన్‌కి తయారవుతున్న రోజుల్లో ఒకసారి సైనిక్‌పురిలో ఎవరింటి గేటు ముందో కూలబడ్డాను.

"నువ్వు పో అన్నా. నేను ఆటోలో వస్తా."

పోలేదు. వచ్చి నా పక్కనే కూర్చున్నాడు.

"నేను పోతే నీ ఎనక ఎవడుంటడు పాస్టరూ? కుక్కలుంటయి."

"నేను పాస్టర్ని కాదన్నా."

"గంటసేపు ఆపకుండ మాట్లాడుతవ్, పాస్టర్వి కాకపోతే ఏందీ? సరే గని, మీ వాక్యంల పరుగు గురించి ఏమన్న ఉన్నదా?"

"ఉందన్నా. ఓపిగ్గా పరుగెత్తమనే ఉంది."

"స్పీడ్ గురించి?"

"లేదు."

"మరింకేం పరేషాన్? జెర నీళ్లు తాగి లే."

నవ్వుకుంటూ లేచాను. ఇన్నేళ్లుగా కూటాల్లో మాట్లాడుతున్నాను, ఓపిక మీద అంత చిన్న ప్రసంగం నా వల్ల కాలేదు.

ఇక నిన్నటి సంగతి.

భారతి గ్రూపులో కొత్తగా చేరిన చెల్లెలు. ఏ.ఎస్. రావు నగర్ దగ్గర ఆమె మోకాలు పట్టేసింది. నర్సింగన్న ఆటో ఆపి ఎక్కించాడు. "నువ్వు పో బిడ్డా, నేనొస్తున్న" అన్నాడట. ఆమె వచ్చి అదే చెప్పింది, అన్న వస్తున్నాడని.

అంతే, అందరికీ నిశ్చింత. స్వీపర్ ఎప్పుడూ ఆలస్యంగానే వస్తాడు కదా! అందుకే ఆయన రాకపోయినా ఎవరికీ అనుమానం రాలేదు. మనందరి వెనక ఆయన ఉన్నాడు. ఆయన వెనక ఎవరున్నారు?

ఎవరూ లేరు.

విజిల్ వినబడకుండానే ఫోటో దిగారు. "టీమ్ మొత్తం సేఫ్‌గా ఫినిష్" అని పోస్ట్ పెట్టారు. అప్పటికి నర్సింగన్న ఛాతీ పట్టుకుని ఫుట్‌పాత్ మీద పడి ఉన్నాడు. పూలమ్మే ఒక అమ్మ చూసి ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లింది. ఆమెకు ఆయన పేరు కూడా తెలియదు. అప్పటికే ఆలస్యమైందన్నారు డాక్టర్లు.

ఆ ఫోటో ఇంకా గ్రూపులోనే ఉంది. తీసేయండి.

తొంభై తొమ్మిది గొర్రెలను వదిలి, తప్పిపోయిన ఒక్కదాని కోసం వెళ్లిన కాపరి కథ మీలో చాలామందికి నేనే చెప్పాను. ఆ కథలో కాపరి తిరిగొచ్చాడు. మన కథలో కాపరే రాలేదు. తొంభై తొమ్మిదీ నిలబడి చాయ్ తాగాయి.

"అంతా దేవుని చిత్తం" అని మెసేజ్‌లు పెడుతున్నారు. నా ముందు ఆ మాట అనకండి. మీరు వెనక్కి తిరిగి చూడకపోతే దాన్ని దేవుని మీదికి నెట్టకండి.

"ఇష్టమైన పని చేస్తూ పోయాడు, అదృష్టవంతుడు" అట! ఎవరినీ ఒంటరిగా వదలనివాడు ఒంటరిగా పడిపోయాడు. ఇందులో మీకు అదృష్టం ఎక్కడ కనబడింది?

"ఆ అమ్మాయి వల్లే లేటయింది" అని రాసిన పెద్దమనిషీ, ఆమె కుంటుకుంటూ వచ్చి మరీ చెప్పింది, అన్న వెనక ఉన్నాడని. విని చాయ్ కప్పు అందుకున్నది మీరు. భారతీ, నీ తప్పేమీ లేదమ్మా. ఫోన్ పక్కన పెట్టి అన్నం తిను.

ఇప్పుడు ఆయన బొమ్మతో టీషర్టులు వేయిస్తారట. ఆయనుంటే ముందు కుట్లు తిప్పి చూసి, "ఎవడు కుట్టిండు దీన్ని?" అని తిట్టేవాడు.

టీషర్టులు వద్దు. ఇక నుంచి స్వీపర్లు ఇద్దరుండాలి. ఇద్దరూ వచ్చి విజిల్ ఊదేదాకా ఎవరూ చాయ్ ముట్టకూడదు. ఇదొక్కటి చేయండి.

ఈ పొద్దున వదిన ఆ విజిల్ తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఆస్పత్రోళ్లు బట్టలతోని ఇచ్చిన్రు తమ్మీ. ఊదకుండనే పోయిండు."

వచ్చే ఆదివారం నేను ఆరాధనకు ఆలస్యంగా వెళ్తాను. సంఘ పెద్దలు ఏమన్నా సరే, దేవునికి నేను జవాబు చెప్పుకుంటాను. అందరి వెనక నేనుంటాను. నా పక్కన రెండోవారు ఎవరు? కామెంట్‌లో వద్దు, రోడ్డు మీదికి రండి. అందరూ చేరాక అన్న మిగిల్చిపోయిన విజిల్ ఊదుదాం.

నర్సింగన్నా, ఎవరైనా మిగిలిపోయారేమోనని పరుగెత్తుతూ వెనక్కి తిరిగి తిరిగి చూసే అలవాటు నీది. ఇక చూడకు. చివరి మనిషి దగ్గర మేముంటాం.

నీ ప్రాణానికి నెమ్మది దొరకాలి అన్నా.