తొట్టి నడుమ స్తంభం

ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. పాత వాషింగ్ మెషీన్లంటే పిచ్చి ఉన్న మనిషిని నేను. పాత మోటారుసైకిళ్ళు తుడుచుకుంటూ కూర్చునే మగవాళ్ళను చూసి ఎవరూ నవ్వరు. నేను తొట్టిలో తల పెడితే మాత్రం రాయదుర్గంలో మా వీధంతా నవ్వుతుంది.

ఫోన్‌లో నాలాంటివాళ్ళ గ్రూపు ఒకటి ఉంది. మూత తెరిచి మెషీన్ తిప్పి వీడియోలు పెట్టుకుంటాం, బట్ట ఎలా మునిగింది, ఎలా తేలింది అని పోట్లాడుకుంటాం. ఇప్పటి మెషీన్లలో అడుగున ఒక పళ్ళెం తిరిగి బట్టల్ని తాళ్ళలా పేనేస్తుంది. పాతవాటిలో తొట్టి నడుమ నిట్టనిలువుగా ఒక స్తంభం ఉంటుంది. దాన్ని అజిటేటర్ అంటారు. కింద వెడల్పాటి రెక్కలు, పైన మెలికలు తిరిగిన రెక్క. అటు కాస్త, ఇటు కాస్త తిరుగుతూ బట్టను నడుమ నుంచి కిందికి లాగి, అంచుల వెంట పైకి పంపుతుంది. అది చూస్తూ కూర్చుంటే నాకు ఆకలి కూడా గుర్తుండదు.

నా మెషీన్‌ను బళ్ళారిలో ఒకరు ఇల్లు ఖాళీ చేస్తుంటే తెచ్చుకున్నాను. దాని స్తంభం రెక్కలు విరిగిపోయి ఉన్నాయి. అదే రకం కోసం ఏళ్ళ తరబడి వెతికాను. చివరికి గ్రూపులో ఉన్న మైసూరు పెద్దాయన తన దగ్గరున్నది పార్సిల్ చేశాడు. ఆదివారం తిప్పి చూపిస్తానని అందరికీ మాటిచ్చాను. శనివారం పొద్దున దాన్ని తొట్టిలో నిలబెట్టి, సాయంత్రం మర బిగిద్దామని జీన్స్ కుట్టే యూనిట్‌కు పనికి వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి మెషీన్ నిండా నీళ్ళు. నడుమ స్తంభం లేదు.

"అమ్మా, దీంట్లో ఉండేది యాడ?"

"కొళాయి వదిలినారు. బిందెలు, డ్రమ్ములు, కుక్కర్లు అన్నీ నిండినాయి. ఇది ఒగటే ఖాళీగా ఉండాది. నడిమిట్ల ఆ గుంజ ఒక బిందె నీళ్ళ చోటు తింటాండె. తీసేస్తి."

"తీసి యాడ పెట్టినావు?"

"పాత ప్లాస్టిక్ కొనే ఆటో వచ్చింటే ఇచ్చి, ఈ బకెట్ తీసుకుంటి."

పక్కనే ఎర్రటి కొత్త బకెట్. అందులోనూ నిండా నీళ్ళే.

వీధి చివరిదాకా పరిగెత్తాను. ఆటో గుమ్మఘట్ట దారి పట్టిందన్నారు. అది ఎవరిదో, ఏ ఊరిదో ఎవరికీ తెలీదు. తిరిగొచ్చి నోటికొచ్చినట్టు అరిచాను. ఎన్నాళ్ళకో ఒకసారి నీళ్ళొచ్చిన రోజు బోలుగా కనపడ్డ ఏ వస్తువునూ వదలని ఊరు ఇది. అయినా ఆ స్తంభం ఎంత అపురూపమో ఆమెకు ఎన్నిసార్లు చెప్పాను! విన్నట్టే తలూపేది.

కనీసం మెషీన్నయినా కాపాడుకోవాలి. స్తంభాన్ని తిప్పే ఇరుసు చుట్టూ ఉన్న రబ్బరు పాతబడిపోయింది. నీళ్ళు అలాగే నిలిస్తే అడుగున గేర్లలోకి దిగుతాయి, తుప్పు పట్టి మెషీన్ ఇక తిరగదు. నీళ్ళు వదిలే పైపు చేతిలోకి తీసుకున్నాను.

"ఏం చేస్తాండావు?"

"పారబోస్తా."

"పారబోయ్. మళ్ళా నీళ్ళు ఎప్పుడొస్తాయో నువ్వే చెప్పు."

ఇల్లంతా వెతికాను. పళ్ళేలు, అన్నం గిన్నెలు కూడా నిండి ఉన్నాయి. ఒక్క ఖాళీ పాత్ర లేదు. వాడిన నీళ్ళు పోయే మోరీ మాత్రమే ఖాళీగా ఉంది.

పైపు పట్టుకుని మోరీ దగ్గర నిలబడ్డాను. అమ్మ మీద, ఆటోవాడి మీద, ఈ నీళ్ళు వదిలేవాళ్ళ మీద, చేతులు ఆడని నా మీద కోపం. పైపు కిందికి దించితే చాలు, నీళ్ళన్నీ పోతాయి. దించలేకపోయాను.

"సరే, ముందు దీంట్లో నీళ్ళే వాడు" అన్నాను పళ్ళు కొరుకుతూ.

"అదెట్లయితాది? బకెట్లు తెరిచి ఉండాయి, దోమలు పడతాయి. అవి ముందు అయిపోనీ. దీనికి మూత ఉండాది కదా, ఇది ఆఖరికి."

అంత కోపం నాకు జన్మలో రాలేదు, ఎందుకంటే ఆమె చెప్పింది నిజం. పైపును ఎత్తుగా కొక్కేనికి తగిలించాను. మూత నేనే వేశాను.