నాయక్ సీమోను వద్దన్న ప్రమోషన్

సైన్యం సీమోనుకు ఇరవై రెండేళ్లలో రెండు ప్రమోషన్లు ఇచ్చింది. ఇబ్రహీంపట్నం అంతకంటే ఉదారంగా వ్యవహరించింది. సిపాయిగా ఉన్న రోజుల్లో సెలవు మీద వస్తే బస్టాండులో 'సుబేదార్ సాబ్' అన్నారు. లాన్స్ నాయక్ అయ్యాక 'కెప్టెన్' అన్నారు. 2020లో నాయక్ హోదాతో, అంటే చేతి మీద రెండు పట్టీలతో, రిటైరై వచ్చేసరికి ఊరు అతన్ని మేజర్ చేసేసింది. ఈ ప్రమోషన్లకు బోర్డు లేదు, పరీక్ష లేదు, మ్యాపు చదవడం రానక్కర్లేదు. మిలిటరీ క్యాంటీన్ కార్డు ఉంటే చాలు.

ఆ కార్డు మీద నెలకు ఇన్ని మందు సీసాలని వస్తాయి. హవల్దార్ దాకా ఒక వాటా, సుబేదార్లకు ఇంకొకటి, ఆఫీసర్లకు మరొకటి. సీమోను వాటా అన్నిటికంటే చిన్నది. అతను తాగడు, ఆదివారం చర్చిలో కానుకల సంచి పట్టే మనిషి. సీసాలు అమ్మడం నేరమని అతనికి తెలుసు. ఊరికే ఇవ్వడం ఆచారమని చుట్టాలకు తెలుసు. పెదనాన్న కొడుకు నారయ్యకు రమ్ము కావాలంటే సీమోను మేజర్ సాబ్, విస్కీ కావాలంటే కర్నల్ సాబ్.

"అన్నా, నేను నాయక్‌నే," అని సీమోను ప్రతి నెలా చెబుతాడు.

"ఎరుకనే తమ్మీ. నాయక్ ఇచ్చిన సీసకు, కర్నల్ ఇచ్చిన సీసకు రుచిల ఏమన్న ఫరక్ ఉంటదా?" అంటాడు నారయ్య.

మూడో పట్టీ పడితే హవల్దార్ అయ్యేవాడు. చదువు పరీక్షలు, కోర్సులు అన్నీ పాసయ్యాడు. అడ్డుపడింది పెళ్లి. లాన్స్ నాయక్‌గా ఉండగా ఒక వేసవిలో పెళ్లి కోసం నలభై రోజుల సెలవు మీద వచ్చాడు. పెళ్లి మూడు రోజులుందనగా పాస్టరు గారికి కామెర్లు సోకాయి. ఇంకో పాస్టరుతో కానిద్దామంటే ఆడపెళ్లివారు ఒప్పుకోలేదు. పెళ్లికూతురు రూత్‌కు బాప్తిస్మం ఇచ్చింది ఆయనే. ఆయన కోలుకుని పెళ్లి జరిపించాక సీమోను యూనిట్‌కు చేరేసరికి సెలవు దాటి తొమ్మిది రోజులైంది. కమాండింగ్ ఆఫీసర్ పాస్టరు ఆరోగ్యం గురించి అడగలేదు. సర్వీసు రికార్డులో ఎర్ర సిరాతో ఒక వాక్యం రాయించాడు. ఆ వాక్యం వల్ల నాయక్ కావడమే ఆలస్యమైంది. హవల్దార్ వంతు వచ్చినప్పుడు ఖాళీలు లేవు. ఖాళీలు వచ్చినప్పుడు సర్వీసు లేదు.

"నీ మూడో పట్టీ నా మెడల ఉన్నది. కావాల్నంటె తీస్కపొయ్యి చేతికి కుట్టుకో," అంటుంది రూత్. ఆమె పుస్తెలతాడు చూపించి ఈ మాట అనడం ఇది ఎన్నోసారో ఇద్దరూ లెక్కపెట్టలేదు.

రిటైరయ్యాక రెండేళ్లు పెద్ద అంబర్‌పేట్ దగ్గర ఒక గోదాముకు రాత్రి కాపలా కాశాడు. పగలు ఇంట్లో నిద్రపోయేవాడు, నిద్రలోనే అన్నం తిన్నట్టు ఉండేవాడు. తర్వాత సాగర్ రోడ్డు మీద ఒక ప్లాట్ల వెంచర్‌లో సెక్యూరిటీ సూపర్‌వైజర్ పని దొరికింది. ఇంటినుంచి బండి మీద పది నిమిషాలు. పగటి డ్యూటీ. చేతికింద ఆరుగురు గార్డులు. రూత్ అద్దెకున్న ఇంటికి రంగులు వేయించమని యజమానితో పోట్లాడడం మొదలుపెట్టింది. అంటే ఇక్కడే ఉండిపోతామని నమ్మకం కుదిరిందన్నమాట.

వెంచర్ యజమాని సుబ్బరాజుది భీమవరం వైపు. వనస్థలిపురంలో స్థిరపడి ఇరవై ఏళ్లైంది. వెంచర్ ప్రారంభానికి నాలుగు రోజుల ముందు ఆయన కొత్త యూనిఫాంలు తెచ్చాడు. దుకాణంలో ఏది బాగా మెరిస్తే అది సూపర్‌వైజర్‌కని తీసుకున్నాడు. సీమోను చొక్కా విప్పి చూసి మళ్లీ మడత పెట్టాడు.

"సార్, భుజాల మీద కత్తి, దండం అడ్డంగ ఉన్నయి. పైన నక్షత్రం ఉన్నది."

"బాగుందా?"

"ఇది మేజర్ జనరల్, సార్."

సుబ్బరాజు చొక్కా మీది ధర చీటీ చూశాడు. "జీతం పెంచమని అడగవు కదా?"

"అడగ. గని ఇవి పెట్టుకోను."

"అదేంటయ్యా! ఊరంతా మేజరంటే పలుకుతావు. ఇంకో నాలుగు మెట్లు ఎక్కితే కొంపలేం మునిగాయి? పక్క వెంచర్ వాడు గేటు దగ్గర గుర్రాన్ని కట్టేశాడు. మనకేముంది చూపించడానికి? పోనీ, నీ రెండు పట్టీలూ కుట్టించుకో."

"అవి గూడ వద్దు సార్. రిటైరైనంక ఆడనే ఇడిసి రావాలె."

"చూడు సీమోనూ, ఆదివారం ఓపెనింగ్. భుజాల మీద అవి ఉంటే సూపర్‌వైజర్‌వి. లేకపోతే నేను వేరేవాణ్ని చూసుకుంటా."

ఇంట్లో ఆ చొక్కాను రూత్ వెలుతురులో పట్టుకుని చూసింది. కుట్టు గట్టిగానే ఉందని తేల్చింది.

"తొడుక్కుంటె ఏమాయె? నిన్ను మేజరంటె ఊకున్నవ్ గద ఇన్నొద్దులు?"

"అనేటోళ్ల నోరు నాది కాదు. భుజం నాది."

"మళ్ల అంబర్‌పేట్ గోదాముకు పోతవా? పగలంత గుర్రు పెట్టుకుంట పంటవా?"

సీమోను దీపం దగ్గరికి జరిగి కూర్చున్నాడు. బ్లేడు తీసుకుని కత్తినీ, దండాన్నీ, నక్షత్రాన్నీ దారం దారంగా విప్పాడు. విప్పినచోట గుడ్డ పాడుకాకుండా చూసుకున్నాడు. రూత్ ఇస్త్రీ చేసిచ్చింది.

ఆదివారం గేటు మీద ఫ్లెక్సీ వెలిసింది: 'రిటైర్డ్ మేజర్ పర్యవేక్షణలో ఇరవై నాలుగు గంటల భద్రత'. దాని కింద సీమోను ఖాళీ భుజాలతో నిలబడ్డాడు. సుబ్బరాజు చూసి నోరు తెరిచాడు గానీ, అప్పటికే కార్లు వస్తున్నాయి.

మూడో కారులోంచి రమాకాంత్, ఆయన భార్య లలితకుమారి దిగారు. రమాకాంత్ సైన్యంలో కర్నల్‌గా చేసి రిటైరైన మనిషి. ఫ్లెక్సీని చివరిదాకా చదివాడు.

"మేజర్ గారెక్కడండీ? ఏ రెజిమెంట్?"

సుబ్బరాజు చేత్తో సీమోనును చూపించాడు, కళ్లతో సీమోనును బతిమాలాడు.

సీమోను మడమలు చేర్చి నిలబడ్డాడు. "నాయక్ సీమోను, సార్. ఫ్లెక్సీ తప్పు."

కర్నల్ అతని భుజాలవైపు చూశాడు. "కరెక్ట్," అన్నాడు. ఇద్దరూ రెండు నిమిషాలు హిందీలో మాట్లాడుకున్నారు. ఎక్కువగా ఇద్దరూ పనిచేసిన సిలిగురిలోని దోమల గురించి. తర్వాత ఆయన ప్లాటు చూడటానికి వెళ్లాడు. లలితకుమారి ప్లాటు ముందు నిలబడి, ఎదురుగా వచ్చే రోడ్డును చూసి, "వీధిపోటండీ. ఊరికే ఇచ్చినా వద్దు," అంది. కారు వెళ్లిపోయింది.

"ఎంత పని చేశావయ్యా! చేతికొచ్చిన కర్నల్ పోయాడు," అన్నాడు సుబ్బరాజు.

"మేడమ్ వీధిపోటన్నది సార్."

"వీధిపోటు నిన్న లేదా? మొన్న లేదా? మొన్న చూసినవాళ్లు అన్నారా?"

సోమవారం సుబ్బరాజు మాట నిలబెట్టుకున్నాడు. మేజర్ జనరల్ యూనిఫాం ఇంకో జత తెప్పించి మల్లేష్‌కు ఇచ్చాడు. మల్లేష్ బస్సు డిపోలో మెకానిక్‌గా రిటైరై, మొన్నటిదాకా వెనక గేటు చూసుకుంటున్న గార్డు. బొత్తాలు పొట్ట దగ్గర పట్టలేదు గానీ మీసం సరిపోయింది. సూపర్‌వైజర్ కుర్చీ అతనిది. వెనక గేటు సీమోనుది. కొత్తవాణ్ని వెతికే ఓపిక లేక సుబ్బరాజు అంతటితో ఆగాడు.

సాయంత్రం రూత్ గడపలోనే నిలదీసింది. "నౌకరి ఉన్నదా, పోయిందా?"

"ఉన్నది. ర్యాంకు పోయింది."

"ర్యాంకు ఎన్నడున్నది గని పోనీకి? పగటి డ్యూటీయే గదా?"

"పగటిదే."

"గట్లయితె చెయ్యి కడుక్కో, అన్నం పెడ్త."

మర్నాడు పదకొండింటికి మేజర్ జనరల్ చంకలో రిజిస్టరుతో వెనక గేటుకు నడిచి వచ్చాడు. పొద్దున షిఫ్టుకు ముందు గేటు దగ్గరికి ముగ్గురు గార్డులు వచ్చారు, మధ్యాహ్నం షిఫ్టుకు ఎవరూ మిగల్లేదు.

"సీమోనూ, నెత్తి తిర్గుతున్నదిర. ఆరుగురు, రెండు గేట్లు, మూడు షిఫ్టులు. దినాం ఒగనికి సెలవు కావాలె. నాకు బస్సు ఇప్పమంటె ఇప్పుత గని గిది సమజైతలేదు. జర నువ్వు రాసియ్యి."

సీమోను స్కేలు తీసుకుని గీతలు గీశాడు. వారం మొత్తానికి ఎవరు ఎక్కడో పేర్లు నింపాడు. ఎవరైనా రాకపోతే బదులు ఎవరో కింద రాశాడు. ఇరవై నిమిషాలు పట్టింది.

"ఇగో, ఈడ సంతకం పెట్టు."

"రాసింది నువ్వు గద? నేనెందుకు?"

"నువ్వు జనరల్‌వి గదనే అన్నా."

సైన్యంలో కూడా డ్యూటీ చార్టు ఇలాగే తయారయ్యేది. మల్లేష్ పెన్ను తీసుకుని, ఒక్క పేరు కూడా చదవకుండా సంతకం పెట్టాడు. ఆ ఒక్క విషయంలో అతనికి ఎవరూ శిక్షణ ఇవ్వాల్సిన అవసరం రాలేదు.