నేను చదివిన పేరు

మేం పోస్టు చేరేసరికి మధ్యాహ్నం రెండయింది. డెబ్బై తొమ్మిది నవంబరు. ఉత్తర సరిహద్దు, పదమూడు వేల అడుగుల ఎత్తు. రాళ్లు పేర్చి కట్టిన బంకర్లు రెండు, కిరోసిన్ పొయ్యి ఒకటి, కింద ఉన్న కంపెనీకి ఒక టెలిఫోన్ తీగ, అది తెగినప్పుడు కాసేపు వాడుకోడానికి ఒక రేడియో. మొత్తం ఆరుగురం. నేను నాయక్‌ని, అంటే ఆ ఆరుగురికీ పెద్దను. మాది నంద్యాల దగ్గర బండి ఆత్మకూరు. ఆ ఎండల్లో పెరిగినవాడికి చలి అంటే ఏమిటో ఆ సాయంత్రమే తెలిసింది. మగ్గులో నీళ్లు తాగేలోపే గడ్డకట్టాయి.

మెషిన్‌గన్ దేవదానంది. వాడిది ఆళ్లగడ్డ. నాలాగే క్రైస్తవుడు. పోస్టులో తెలుగు మా ఇద్దరికే వచ్చు. "ఈడ పొద్దు కూడా డ్యూటీ ఎగ్గొడతాంది సూడన్నా" అనేవాడు.

ఊళ్లో జనం ఇప్పటికీ శత్రువు గురించే అడుగుతారు. శత్రువు నాకు కనిపించనే లేదు. కనిపించింది మంచు, దాని బరువుకు తెగే తీగ. తెగినప్పుడల్లా లైన్‌మన్ వెళ్లి కలపాలి, వెంట ఒకడు తుపాకీతో పోవాలి. ఎవడూ ఇష్టపడి పోయే దారి కాదు. ఎవణ్ణి పంపాలో చెప్పాల్సింది నేను. అక్కడే తెలివి చూపించాను. మా ఊరి చర్చిలో పెద్దల మధ్య మాట తెగకపోతే ప్రార్థన చేసి చీట్లు వేసేవాళ్లు. వచ్చిన పేరు దేవుడు పలికిన పేరు, దానికి ఎదురు లేదు. పోస్టులోనూ అదే పెట్టాను. లైన్‌మన్ కాక, నాతో కలిపి మిగిలిన ఐదుగురి పేర్లూ చీటీల మీద రాసి ఊలు టోపీలో వేసేవాణ్ణి. నాకు చేతనైన రాత తెలుగే. తీసేదీ నేనే, చదివేదీ నేనే. ప్రార్థన చేసేవాడు అబద్ధమాడతాడని ఎవరనుకుంటారు?

జనవరిలో మూడు రోజులు మంచు కురిసి ఆగింది. పొద్దున పదకొండుకు తీగ తెగింది. రేడియోలో కంపెనీ కమాండర్ గొంతు వినిపించింది.

"లైన్ ఎప్పటికి?"

"రెండింటికల్లా, సాబ్."

ప్రార్థన చేశాను. చీటీ తీశాను. నా పేరు.

అంతకు ముందు వారమే తీగ దారిలోని వాలులో, మంచులో నడుం దాకా కూరుకుపోయి బయటపడ్డాను. ప్రాణం తీపి అంటారు. నాకు మాత్రం ఆ క్షణం నోరంతా చేదు. తలెత్తితే ఎదురుగా దేవదానం ఉన్నాడు. "దేవదానం" అని చదివాను. చీటీని పొయ్యి మంటలో వేశాను.

చూపించమని అడిగుంటే వాడు చదవగలిగేవాడు. అడగలేదు. "దేవుడు నన్నే పిల్చినాడా అన్నా? సరే, పోయొస్తా" అని బూట్లు బిగించుకున్నాడు.

పన్నెండున్నరకు వాలు మీది మంచు జారింది. రెండుంబావుకు లైన్‌మన్ ఒక్కడే పాక్కుంటూ వచ్చాడు. "వాడు లేడు" అన్నాడు హిందీలో. మూడో రోజు తవ్వితే దొరికాడు. తుపాకీ భుజానే ఉంది. కంపెనీ దగ్గరే పూడ్చాం.

నాలుగు నెలలు ఒకటే ఆలోచన. నేను అబద్ధమాడతానని దేవుడికి నేను పుట్టకముందే తెలుసు. ఆయనకు తెలిసింది జరిగి తీరాలి. అంటే నేను వేరే పేరు చదవగలిగేవాణ్ణే కాదు. మరి తప్పు నాదెలా అవుతుంది? సెలవులో నంద్యాలలో దిగి పాస్టరుగారికి సగం చెప్పాను, చీటీ సంగతి మింగేశాను. "అంతా ఆయన ముందే ఎరిగిందే గదప్పా" అన్నాడాయన. ఆ మాటను పట్టుకుని ఆళ్లగడ్డ బస్సెక్కాను.

దేవదానం తండ్రి సమాధి రాళ్ల మీద పేర్లు చెక్కేవాడు. ఇంటి ముందు పందిట్లో పనిలో ఉన్నాడు. ఎదురుగా కూర్చుని అంతా చెప్పాను, చీటీ సంగతితో సహా. చివరికి, దేవదానం తండ్రిని తలుచుకున్నప్పుడల్లా పిలిచినట్టే పిలిచి, "దేవునికి ముందే తెలుసు గదా నాయనా" అన్నాను.

ఆయన ఉలి కింద పెట్టాడు. రాయి మీద చెయ్యి వేశాడు.

"ఈ రాయి యాడ పగులుతాదో నాకు ముందే తెలుసప్పా. నాకు తెలిసిందని పగల్దు. దెబ్బ పడితే పగులుతాది."

ఆయన ఉలి మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

"దేవునికి తెలిసుంటాది. కాదనను. నోరు నీది."

నాలుగు నెలలు కట్టుకున్న గోడంతా కూలిపోయింది. ఏడ్చాను. క్షమించమని అడిగాను.

"అది నాకు చేతగాదు. బేగా లేసి పో. వాళ్లమ్మ వచ్చే యాళయింది. ఈ మాట ఆమె చెవిన ఎయ్యొద్దు."

వీధిలోకి వచ్చాను. ఒంటి మీద యూనిఫాం అలాగే ఉంది. వీధి చివర ఎండలో ఒకామె గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని వస్తోంది. నన్ను చూసింది. మోపు కింద పడేసింది. కొడుకును ఆ మంచు కొండల్లోనే పూడ్చారన్న ఉత్తరం వచ్చి మూడు నెలలు దాటింది. తెలుసు ఆమెకు. తెలిసి కూడా రెండడుగులు పరుగెత్తింది. తర్వాత ఆగి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నా మొహం చూసింది. ఇన్నేళ్లయినా, కళ్లు మూసుకుంటే నాకు కనిపించేది ఆ రెండడుగులే.